అప్పు నీ పేరు మీద, పైసలు ఇంకొకరి ఖాతాల: మొగడు దుబాయి పోకముందు తేల్చుకోవాల్సినవి

చెల్లె, నీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్త. మీ ఆయన వచ్చే నెల దుబాయి పోతుండు. వీసాకు 1,20,000 అయినయి. అందుల 50 వేలు నీ బంగారం కుదువబెడితే వచ్చినయి, 30 వేలు మహిళా సంఘంల నీ పేరు మీద తీసినవి, మిగిలిన 40 వేలు ఊళ్లె రెండు రూపాయల మిత్తికి తెచ్చిండ్రు. పైసలేమో వాళ్లమ్మ ఖాతాకు పంపుత అంటుండు. ఊరంత "ఇగ నీకేంది, దుబాయి శేటు పెండ్లానివి" అంటుంటే, నిజంగ నా బతుకు మారుతదా, ఇంట్ల నా మాటకు విలువ వస్తదా అని అడిగినవు.

నేను మెట్‌పల్లి దిక్కు ఒక ఊళ్లె పదహారేండ్లు గ్రామ సంఘం లెక్కలు రాసిన. మా ఆయన మస్కట్ల పదకొండేండ్లు చేసి వచ్చిండు. పైసల కోసం ఎదురుచూసుడు తెలుసు, ఎదురుచూసేటోళ్ల అప్పు పుస్తకం రాసుడూ తెలుసు. అందుకే జవాబు ముందే చెప్త. నీకు చాకిరి ఖాయంగ పెరుగుతది. పెత్తనం మాత్రం దానంతటదే రాదు. నువ్వు రాసినదాంట్లనే చూడు, అప్పులోడు తలుపు కొడితే బయటికి రావాల్సింది నువ్వు, పైసలు వచ్చి పడేది ఇంకొకరి ఖాతాల. ఆ రెండూ ఒక్క చేతికి వచ్చిన ఇండ్లల్ల ఆడామె నిలబడ్డది. రాని ఇండ్లల్ల లక్షలు వచ్చినా, పిల్లకు జ్వరమొస్తే రెండు వందలకు చెయ్యి చాపుడు తప్పలేదు.

మన దిక్కు మగోళ్లు బతకపోవుడు కొత్త కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని సామెత లెక్క అంటరు గద. ఓరుగల్లు దిక్కు నేత పనోళ్లు సూరత్, భీవండి, షోలాపూర్ పోయిండ్రు. వాళ్లను తిరిగి రప్పియ్యాలనే 2017ల వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది రాయి వేసిండ్రు. అయితే భీవండి పోయినోళ్లు పెండ్లాం పిల్లలను వెంట తీసుకపోవచ్చు, ఇరుకు గదిలనన్న కలిసి ఉండొచ్చు. దుబాయి అట్ల కుదరదు. అక్కడ కుటుంబానికి వీసా తీయాలంటే నెలకు 4,000 దిర్హములు, లేకపోతే 3,000తో పాటు ఉండే ఇల్లు చూపాలె. మనోళ్లు పోయేది వెయ్యి, పన్నెండు వందల దిర్హముల పనికి. అంటే ఈ ఎడబాటు మీరిద్దరు ఎంచుకున్నది కాదు, ఆయన జీతంలనే రాసి ఉన్నది. రెండేండ్లకోసారి రెండు నెలల ఛుట్టీ, మిగిలిందంత ఫోన్ల ఐమో యాప్‌ల మొఖాలు చూసుకునుడు.

ముందు అప్పు సంగతి చూద్దాం, మొదటి ఏడాదే సంసారాలు ఇక్కడ దెబ్బతింటయి. నెలకు 1,100 దిర్హములు వస్తయనుకో. తిండికి, రీచార్జికి 350 పోయినా 750 మిగులుతయి. దిర్హం 23 రూపాయల లెక్కన వేస్తే 17 వేల చిల్లర. కని మొదటి నెల కాగితాలు, మెడికల్, ఐడీ అంటరు, జీతం చేతికి రాంగ రాంగ మూడో నెల పడుతది. ఆ మూడు నెలల బియ్యం, ఫీజు, కిస్తు పైసలు ఆయన పోకముందే పక్కకు పెట్టుకోవాలె. లేకుంటే మొదటి పంపకం వచ్చేలోపే ఇంకో 20 వేల అప్పు అయితది. నేను రాసిన పుస్తకాలల్ల ఇట్ల మొదటి మూడు నెలల్ల పుట్టిన అప్పే ఎక్కువ కాలం సతాయించింది.

పైసలు వచ్చుడు మొదలైనంక నెలకు 8 వేలు అప్పుకే అని గీత గీసుకో. సంఘం కిస్తు తప్పొద్దు, నువ్వు తప్పితే మిగిలిన ఆడోళ్ల మీద పడుతది, రేపు నీకు గతి అయ్యేది వాళ్లే. 30 వేలకు ఏడాది గడువైతే రూపాయి మిత్తి లెక్కన కిస్తు 2,700 దాకా వస్తది. మిగిలిన 5,300 ఆ రెండు రూపాయల మిత్తి 40 వేలకు కట్టు. తొమ్మిది నెలల్ల తీరిపోతది. దాని తర్వాత బంగారం. ఇట్ల కట్టుకుంట పోతే మొదటి పంపకం నుంచి ఏడాదిన్నరలో నీ బంగారం నీ మెడల పడుతది. చాన ఇండ్లల్ల ఏం చేస్తరో తెలుసా? "మిత్తి కడుతున్నం గద" అని అసలును ముట్టుకోరు. లక్షా ఇరవై వేలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 28,800. అంతా కట్టినంక కూడ అసలు లక్షా ఇరవై వేలు అట్లనే కూసుంటది. ఈలోపు ఆడిబిడ్డ పెండ్లికి, బోరుకు, మోటరుసైకిలుకు పైసలు పోతయి. ఇంకో మాట, బ్యాంకుల బంగారం గడువు మామూలుగ ఏడాది. మిత్తి కట్టి తిరగరాయకపోతే వేలానికి పోతది. రసీదు ఎవరి పేరు మీద ఉందో ఈ రోజే చూసుకో. నీ పుట్టింటోళ్లు పెట్టిన బంగారం చట్టం లెక్కన నీది, ఆయన వాడుకున్నా తిరిగి ఇయ్యాల్సిందే.

ఆ 1,20,000 సంగతి కూడ అడగాలె. రిజిస్టరైన ఏజెంటు చట్టం ప్రకారం తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి తీసుకున్నదానికి రసీదు ఇయ్యరు. కేంద్ర సర్కారు నడిపే ఈ-మైగ్రేట్ సైటుల ఆ ఏజెంటు పేరు ఉందో లేదో ఎవరన్న చదువుకున్న పిల్లతోని చూపియ్యి. అది విజిట్ వీసా అయితే మాత్రం ఏం మొహమాటం లేకుండ ఆపు చెల్లె. విజిట్ వీసా మీద పోయినోనికి అక్కడ పనిచేసే హక్కే లేదు, జీతం ఎగ్గొట్టినా అడిగేటోడు లేడు, ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేనోడు అయి దాక్కుని బతకాలె. మా వాడకట్టు పిల్లగాడొకడు అట్ల పోయి ఆరేండ్లు ఊరి మొఖం చూడలేదు. వాని తల్లి సచ్చిపోతే వీడియోల చూసిండు.

ఇగ ఖాతా సంగతి. ఇల్లు నడిపే పైసలు నేరుగ నీ ఖాతాకే రావాలె. మొగడు ఇంటి ఖర్చుకు పెండ్లాం ఖాతాకు పంపితే దాని మీద ఇన్‌కం టాక్స్ పడదు, ఎవరన్న భయపెడితే నమ్మకు. కూడబెట్టుకునే పైసలకు ఆయన పేరు మీద ఎన్ఆర్ఈ ఖాతా, అంటే బయటి దేశంల సంపాదించిన పైసలు వేసుకునే ఖాతా తీయాలె, దానికి రెండో పేరు నీది పెట్టియ్యాలె. ఆయన ఉన్నన్ని రోజులు ఆయనే నడుపుతడు, ఆయనకు ఏమన్న అయితే అది నీకు వస్తది. ఆయన పాత సేవింగ్స్ ఖాతాను కూడ ఎన్ఆర్ఓగ, అంటే బయటి దేశంల ఉన్నోళ్లు ఇక్కడి పైసలకు వాడే ఖాతాగ మార్చమని బ్యాంకుకు చెప్పాలె, అది నియమం. ఇంకోటి, చిన్నగ కనిపిస్తది కని మస్తు ఏడిపిస్తది: ఆయన ఖాతాకు, ఆధార్‌కు, భూమి పాసుబుక్కుకు ఏ ఫోన్ నంబరు ఉన్నదో చూడుండ్రి. ఆ సిమ్ము ఆయన జేబుల దుబాయి పోయి రీచార్జి లేక బంద్ అయితే, ఓటీపీ రాక వడ్ల పైసలు, రైతు భరోసా పైసలు ఖాతాల పడ్డా తీసుకోరాదు. ఆ సిమ్ము ఇంట్లనే ఉంచి నెలనెల రీచార్జి చెయ్యి.

అత్తమ్మ గురించి. "ఆమె ఖాతాకు ఎందుకు, నా ఖాతాకు పంపు" అని నువ్వు కొట్లాడితే ఆయన రెండు దిక్కుల నలుగుతడు, చివరికి అమ్మ దిక్కే మొగ్గుతడు. నేను ఆ తప్పు చేసిన. మొదటి రెండేండ్లు మా ఆయన పైసలు మా మామ ఖాతాకు వచ్చినయి, నేను అలిగి మాట్లాడుడు బంద్ పెట్టిన, పిల్లగాని ఫీజు ఆలస్యమై బడి ముందట నిలబడాల్సి వచ్చింది. తర్వాత మా పెద్దాడిబిడ్డ ఒక దారి చెప్పింది. ముసలోళ్లిద్దరికి నెలకు ఇంత అని వాళ్ల ఖాతాలనే వెయ్యి, వాళ్లు ఎవ్వరినీ అడిగే పని లేకుండ చెయ్యి, మిగిలింది నీ ఖాతాకు తెచ్చుకో అన్నది. అట్ల చేసినంక మా అత్త నన్ను తిట్టుడు తగ్గింది. ఆమె భయం పైసల మీద పెత్తనం పోతదని కాదు, కొడుకు దూరమైతే తనను ఎవరు చూస్తరని. అది నాకు సమజయ్యేసరికి రెండేండ్లు పట్టింది. నువ్వు ముందే మీ ఆయనతోని చెప్పు: "అత్తమ్మకు మూడు వేలు నెలనెల ఆమె ఖాతాల పడాలె, ఆమె మందులకు నేను లెక్క అడగ."

ఎవరితోని ఉంటున్నవు అన్నదాన్ని బట్టి చాన మారుతది, ఇది నా ఒక్కదాని మాట కాదు. సోనాల్డే దేశాయ్, మంజిష్ఠ బెనర్జీ అనే పరిశోధకులు దేశమంత చేసిన మానవాభివృద్ధి సర్వే లెక్కలు తీసి 2008ల ఇదే రాసిండ్రు. మొగడు వలస పోయినంక వేరుకాపురం ఉన్న ఆడోళ్లకు పని భారం పెరిగింది, దాంతోపాటు సొంతంగ నిర్ణయం తీసుకునుడు, బయటికి తిరుగుడు కూడ పెరిగింది. ఉమ్మడి కుటుంబంల ఉన్నోళ్లకు ఆ రెండో భాగం దక్కలేదు. అందుకని వేరు పడమని నేను చెప్పను. చిన్న పిల్లలను పెట్టుకుని ఒంటరిగ ఉండుడు ఎంత కష్టమో నాకు తెలుసు, రాత్రి పిల్లకు ఫిట్స్ వస్తే అత్త లేకుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంట. ఉమ్మడిలనే ఉండు, కని నీ ఖాతా, నీ పుస్తకం వేరుగ ఉండాలె.

బీడీలు బంద్ పెట్టకు. ఇది ఒక్కటి మస్తు గట్టిగ చెప్త. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి, సిరిసిల్ల దిక్కు ఎన్ని ఇండ్లల్ల చూసిన, మొగడు దుబాయి పోంగనే "ఇంక చేటల చెయ్యి పెట్టుడు ఏంది, నలుగురు ఏమనుకుంటరు" అని బీడీలు మాన్పిస్తరు, నాట్లకు పోనియ్యరు. అప్పుడు అది గౌరవం లెక్కనే అనిపిస్తది. నీ సొంత సంపాదన పోయిందని తెలిసేది మూడేండ్ల తర్వాత. కార్ఖానాల నీ పేరు మీద పీఎఫ్ కటింగ్ ఉంటే అది నీది, అది తెగొద్దు, రోజుకు ఐదు వందల బీడీలే చుట్టినా సరే. నేను సంఘం పుస్తకాల పని విడువలేదు. నెలకు వచ్చేది కొంచెమే, కని ఆ కొంచెంలకెళ్లి ఖర్చు పెట్టినప్పుడు నేను ఎవ్వరికీ చెప్పలేదు. అది వేరే తీరు ధైర్యం.

ఊరి మాటల గురించి నువ్వు రాయలేదు కని అది కూడ వస్తది. మొగడు ఊళ్లె లేడంటే ఆడదాని ప్రతి అడుగుకు లెక్క కడతరు. కొత్త చీర కట్టినా, నవ్వినా, బ్యాంకుకు పోయి ఆలస్యమైనా. ఆ మాట ఎవడో ఒకడు ఐమోల ఆయన చెవుల వేస్తడు. అక్కడ పదిమంది ఉండే గదిల, రాత్రి డ్యూటీ చేసి పండుకోలేక ఉన్నోనికి ఆ మాట విషం లెక్క ఎక్కుతది. అనుమానంతోని ఫోన్లు, "వీడియో ఆన్ చెయ్, పక్కన ఎవరున్నరో చూపియ్" అనుడు, పైసలు ఆపుడు. ఇట్ల విరిగిన సంసారాలు నేను పంచాయితీల దాక పోయి చూసిన. మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నం: ఎక్కడికి పోయేది నేనే ముందు చెప్పేది, ఆయన మూడో మనిషి మాట ఏది విన్నా ముందు నన్నే అడిగేది, ఆ రోజు కోపంల పైసల ముచ్చట తియ్యొద్దు. పోకముందే ఇద్దరు ఒట్టు వేసుకుని పొండ్రి. ఆయన కష్టం గురించి కూడ నువ్వు అడుగుతుండు, ఏం తిన్నవు, ఎండ ఎట్లున్నది అని. పైసలు వచ్చినయా లేదా అన్నదొక్కటే ఫోన్ల నడిస్తే ఆయనకు తాను ఏటీఎం మిషన్ అయిన అనిపిస్తది.

ఇప్పుడు ఇల్లు. గల్ఫ్ పైసలు అన్నిటికంటె ఎక్కువ పోయేది ఇంటికి, అన్నిటికంటె ఎక్కువ మోసపోయేదీ అక్కడనే. మా ఆయన ఆరేండ్ల సంపాదన పెట్టి మా మామ జాగల రెండంతస్తులు కట్టినం. కాగితం ఒక్కటి అడగలేదు, అయ్యను కాగితం అడుగుతరా అన్నరు. మామ పోయినంక మరిది భాగం అడిగిండు. ఆయన అడిగినదాంట్ల తప్పు కూడ లేదు, జాగ తండ్రిది, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ, మా అత్త అందరు వారసులే. మా చెమటతోని కట్టిన గోడలను జాగతోపాటు పంచాల్సి వచ్చింది. పెద్దమనుషుల ముందట కూసుని మా ఆయన ఏడ్చిన రోజు నేను మర్చిపోలే. అందుకే చెప్తున్న, పునాది తవ్వకముందే ఆ జాగ మీ పేరు మీదికి, కుదిరితే ఇద్దరి పేర్ల మీదికి, రిజిస్ట్రేషన్ కావాలె. మామ బతికి ఉండంగ మిగిలినోళ్ల ముందట గిఫ్ట్ డీడు రాపిచ్చుకుంటే ఎవరికీ మనసుల ఉండదు. ఆయన అక్కడినుంచి నీకు జీపీఏ, అంటే ఆయన బదులు నువ్వు సంతకం పెట్టే అధికారమిచ్చే కాగితం పంపాల్సి వస్తే మన ఎంబసీల గాని కాన్సులేట్ల గాని సంతకం చేయించి పంపాలె, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లనే స్టాంపు వేయించుకోవాలె. ఆ గడువు దాటి తిరిగినోళ్లను చూసిన.

చెప్పబుద్ధి కాదు కని చావు ముచ్చట కూడ చెప్పాలె. మన దిక్కు పెట్టెలు వస్తనే ఉంటయి. ఆయన పది చదవకుండ ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాల్సినది) ఉన్నోడైతే, సక్రమంగ పోయేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేండ్లకు 275 రూపాయలే, ప్రమాదంల పోతే 10 లక్షలు వస్తయి. ఇంత తక్కువ పైసలది ఎవ్వరూ పట్టించుకోరు, కాగితం ఇంట్ల ఉండదు. ఊళ్లె భూమి ఉంటే రైతు బీమా 5 లక్షలు ఉంటది. ఈ రెంటిల నామినీ ఎవరు? చాన మందికి పెండ్లికి ముందు రాసిన అమ్మ పేరే ఉంటది. మార్చుడు మరిచిపోతరు.  హిందూ వారసత్వ చట్టం లెక్కన ఆయన ఆస్తిల పెండ్లాం, పిల్లలు, తల్లి అందరికి సమాన భాగం. కని పైసలు ఒకరి చేతికి పోయినంక కోర్టుల తిరిగి తెచ్చుకునే ఓపిక, పైసలు నీకు ఏడికెళ్లి వస్తయి? తెలంగాణ ప్రభుత్వం కూడ 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్ దేశాలల్ల చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తది, కలెక్టర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టాలె. ఇవన్ని కాగితాల మీద నడిచేవే. పైసలు హుండీల, అంటే బ్యాంకు లేకుండ దొంగచాటు ఏజెంట్లతోని పంపుడు కూడ ఇందుకే వద్దంట, రూపాయి రెండు రూపాయలు ఎక్కువ వచ్చినా ఆయన పంపినట్టు సాక్ష్యం ఉండదు.

పని విడిచి వచ్చేటప్పుడు వచ్చే పైసలు కూడ తెలుసుకుని ఉండు. దుబాయిల ఏడాది దాటి పనిచేసినోనికి మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీ కింద ఇయ్యాలె. బేసిక్ 800 దిర్హములైతే ఐదేండ్లకు 2,800 దిర్హములు. అది బేసిక్ మీదనే లెక్క, అందుకే ఒప్పంద కాగితంల బేసిక్ ఎంత రాసిండ్రో పోకముందే చూడాలె. ఆయన చనిపోయినా అది కుటుంబానికి రావాల్సిందే, చాన మంది ఆడోళ్లకు అది ఉన్నదనే తెల్వదు.

ఆయన తిరిగి వచ్చినప్పటి సంగతి ఇప్పుడే ఎందుకు అనకు. పదకొండేండ్లు నేను నడిపిన ఇల్లు మా ఆయన వచ్చిన వారంల "ఇగ నేనున్న గద" అని పాసుబుక్కు ఆయన చేతిలకు తీసుకున్నడు. తప్పుగ తీసుకోలేదు, నాకు భారం తగ్గిస్తున్న అనుకున్నడు. కని నాకు పాత రోజులకు నెట్టేసినట్టయింది. ఏడాది సరిగ్గ మాట్లాడుకోలేదు. చివరికి నేను రాసిన నోటుబుక్కులు, పదకొండేండ్లవి, తీసి ముందట పెట్టిన. ఏ నెల ఎంత వచ్చింది, ఏ అప్పు ఎప్పుడు తీరింది, పిల్ల దవాఖానాకు ఎంత, ఎరువులకు ఎంత. రెండు రాత్రులు కూసుని చదివిండు. ఆ తర్వాత ఖాతా ఇద్దరి పేర్ల మీద చేసినం, వెయ్యి దాటితే ఒకరినొకరం అడుగుతం. నా మాటకు విలువ వచ్చిందంటే ఆ పుస్తకాలతోనే వచ్చింది. మంచి రోజులల్ల నువ్వు ఎంత ఆగం పడ్డవో ఎవరికీ యాదికుండదు, రాసినదే ఉంటది.

ఈ నెలల చేయాల్సింది ఇది. ఆయనతోని కలిసి బ్యాంకుకు పో, నామినీ కాగితాలు ఆయన సంతకం లేకుండ కావు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితం రెండేసి జిరాక్సులు తీసి ఒకటి నీ పుట్టింట్ల పెట్టు. కంపెనీ పేరు, క్యాంపు ఉండే ఏరియా, ఆయన గదిల ఉండేటోళ్లల్ల ఇద్దరి నంబర్లు మొదటి వారంలనే రాసి పంపమను. ఒక మంచి అట్ట ఉన్న నోటుబుక్కు కొను, మొదటి పేజీల ఆ మూడు అప్పులు, తేదీలతో సహా రాయి. అత్తమ్మతోని మాట్లాడేది ఆయన ఉండంగనే, ముగ్గురు కూసుని మాట్లాడుండ్రి. ఆమె ఏమన్నదో నాకు చెప్పు, అక్కడికెళ్లి చూద్దాం.